ఆటకు ముందటి రాత్రి

సంక్రాంతి దగ్గర పడితే మన పల్లెల్లో కబడ్డీ పోటీల సందడి మొదలవుతుంది. జనగామ చుట్టుపట్ల ఊళ్లయినా, మానుకోట వైపు తండాలయినా, భూపాలపల్లి దారిలోని అడవి పల్లెలయినా తీరు ఒక్కటే. కోతలయిన చెలకలో రాళ్లు ఏరి, నీళ్లు చల్లి, ముగ్గుతో గీతలు గీస్తారు. మైకు కడతారు. బహుమతి ఇచ్చే దాతల పేర్లు పదిసార్లు చదువుతారు. ఇదంతా అందరికీ తెలిసిందే. దానికి ముందటి రాత్రి సంగతి మాత్రం ఎవరూ మాట్లాడరు.

రేపు తొడ కొట్టి కూతకు పోవలసిన పిల్లవాడు ఆ రాత్రి మంచం మీద అటూ ఇటూ దొర్లుతుంటాడు. అన్నం సయించదు. కడుపులో తిప్పినట్టు ఉంటుంది. అరగంటకొకసారి లేచి బయటికి పోయి వస్తాడు. "గుండె గుబగుబ కొట్టుకుంటాందిరా" అని పక్కవాడితో చెబుదామంటే సిగ్గు. పక్కవాడికీ నిద్ర లేదు, వాడికీ అదే సిగ్గు. తెల్లవారి మొదటి కూతలోనే పట్టుబడితే గట్టు మీద కూర్చున్న పెద్దలు తీర్పు చెప్పేస్తారు: "వానికి గుండె లేదు."

ఈ తీర్పు తప్పు. దేశానికి బంగారు పతకాలు తెచ్చినవారికి కూడా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వారి గుండె కూడా గుబగుబలాడింది. అయితే ఆ గుబులును ఏం చేసుకోవాలో వారికి నేర్పినవారు ఉన్నారు. మన పిల్లలకు లేరు. తేడా అంతా అక్కడే ఉంది.

జకార్తాలో ఒక రాత్రి

దీనికి మంచి ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. హైదరాబాదులో 1909లో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం గురించి చెప్పుకుంటే చాలు. ఆయన మొదట బడిపంతులు. తర్వాత హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టుకు, ఆపైన భారత జట్టుకు శిక్షకుడయ్యారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన తీర్చిదిద్దిన జట్లవే. అందరూ ఆయన్ను రహీం సాబ్ అనేవారు.

1962లో ఇండొనేషియా రాజధాని జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. మన ఫుట్‌బాల్ జట్టు ఫైనల్‌కు చేరింది. ఎదుటి జట్టు దక్షిణ కొరియా. అదే కొరియా మొదటి మ్యాచిలో మనవారి మీద రెండు గోల్స్ కొట్టి, ఒక్కటి కూడా కొట్టనివ్వకుండా ఓడించింది. జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. గోలు కాసే తంగరాజ్ జ్వరం పడి అప్పుడే లేచాడు.

ఇవి చాలవన్నట్టు ఆ నగరమే మనవారికి ఎదురు తిరిగింది. ఇజ్రాయిల్, తైవాన్ క్రీడాకారులను ఆతిథ్య దేశం రానివ్వకపోవడాన్ని మన దేశానికి చెందిన క్రీడాధికారి జి.డి. సోంధీ తప్పుబట్టారు. దానితో అక్కడి జనం రెచ్చిపోయి మన దౌత్య కార్యాలయం మీద పడ్డారు. రాళ్లు పడతాయన్న భయంతో మన ఆటగాళ్లు బస్సులో సీట్ల మీద కూర్చోకుండా కిందనే కూర్చుని స్టేడియానికి పోయారని తర్వాత వారే చెప్పుకున్నారు. పాపం, ఫుట్‌బాల్ ఆడే పిల్లలకు ఆ రాజకీయాలతో ఏం పని!

ఫైనల్ సెప్టెంబరు 4న. ముందటి రాత్రి జట్టులో చాలామందికి నిద్ర లేదు. ఆ జట్టు సామాన్యమైనది కాదు. చునీ గోస్వామి నాయకుడు, పి.కె. బెనర్జీ ఉన్నాడు. మన సికింద్రాబాదు కుర్రవాడు తులసీదాస్ బలరాం, హైదరాబాదు యూసుఫ్ ఖాన్ ఉన్నారు. అంతటివారు నిద్ర పట్టక బయట తిరుగుతున్నారు. రహీం సాబ్ వారిని గద్దించలేదు. పోయి పడుకోండని తరమలేదు. తాను కూడా వారితో కలిసి నడిచారు. ఆ నడకలో, రేపు మీ దగ్గర నుంచి నాకొక కానుక కావాలి, బంగారం గెలిచి ఇవ్వండి అని అడిగారట. ఆటగాళ్లు ముసలివారయ్యాక కూడా ఆ నడక తలుచుకునేవారు.

మరునాడు లక్ష మంది జనం మనవారికి వ్యతిరేకంగా కేకలు పెడుతుండగా ఆట మొదలయింది. పదిహేడో నిమిషంలో బెనర్జీ, ఇరవయ్యో నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారు. కొరియా ఒక గోల్ తీర్చేసరికి అయిదు నిమిషాలే మిగిలాయి. రెండు ఒకటితో బంగారం మనది. అంత జనంలో మనవారికి చప్పట్లు కొట్టినది పాకిస్తాన్ హాకీ జట్టు ఒక్కటేనని ఆటగాళ్లు చెప్పుకునేవారు. అంతకు ముందు హాకీ ఫైనల్‌లో మనల్ని ఓడించినది ఆ జట్టే.

పని చిన్నది చేసిన పంతులు

ఆ ఒక్క రాత్రి నడకతోనే పతకం వచ్చిందంటే రహీం సాబ్‌కు అన్యాయం చేసినట్టే. ఆ నడక వెనుక పన్నెండేళ్ల పని ఉంది. ఆయన హైదరాబాదులో వింత వింత పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో ఎవరూ బంతిని తన దగ్గర ఉంచుకుని గింగిరాలు తిప్పరాదు, వెంటనే తోటివాడికి అందించాలి. ఇంకొక పోటీలో అలవాటు లేని కాలితోనే తన్నాలి. చూసేవారికి నవ్వులాట. ఆడేవాడికి మాత్రం అలవాటు లేని కాలితో తన్నవలసిన గడియ పెద్ద పోటీలో వచ్చినప్పుడు అది కొత్తగా ఉండదు. కొత్తది లేకపోతే భయం సగం తగ్గుతుంది.

జర్నైల్ సింగ్ వెనుక నిలబడి గోలు కాపాడే ఆటగాడు. తలకు కుట్లున్నవాడిని బంతి కోసం పదే పదే తల పెట్టవలసిన ఆ చోట నిలపకుండా, రహీం సాబ్ ముందుకు పంపి గోల్ కొట్టే పని ఇచ్చారు. సెమీఫైనల్‌లో ఒకటి, ఫైనల్‌లో ఒకటి కొట్టాడు. బడిలో పాఠం చెప్పిన మనిషి కదా, ఏ పిల్లవాడికి ఏ లెక్క ఇవ్వాలో తెలుసు. నీ పని ఇది, ఇంతవరకే, మిగిలినది పక్కవాడు చూసుకుంటాడు అని తెలిసిన ఆటగాడికి దేశం పరువంతా ఒక్కడి భుజం మీద ఉన్నట్టు అనిపించదు.

జట్టు ఆటలో మనసును సిద్ధం చేయడమంటే ఇదే. భయపడవద్దు అని చెబితే భయం పోదు. ఎవరి పని వారికి చిన్నదిగా, స్పష్టంగా చేసిపెట్టాలి. భయాన్ని ఒంటరిగా మోయనివ్వరాదు.

శరీరం ఏం చేస్తుంది

రాత్రి కరెంటు వచ్చిన వేళ మోటరు వేయడానికి పొలానికి పోతుంటే కాలి దగ్గర పాము కదిలిందనుకోండి. చప్పున గుండె కొట్టుకుంటుంది, నోరు ఎండుతుంది, చేతులు చల్లబడతాయి. మూత్రపిండాల మీద ఉండే చిన్న గ్రంథులు అడ్రినలిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతాయి. నెత్తురు కడుపును వదిలి కాళ్ల కండలకు పరుగెత్తుతుంది. దూకడానికో, కర్ర ఎత్తడానికో శరీరం చేసుకునే ఏర్పాటు అది. ఆటకు ముందు కూడా ఇదే జరుగుతుంది. అన్నం సయించనిది అందుకే. పిరికితనం వల్ల కాదు.

ఈ సంగతి తెలియని పిల్లవాడు గుండె దడను చూసి మళ్లీ భయపడతాడు. భయం మీద భయం. తెలిసినవాడు, ఎడ్లు కాడికి సిద్ధమయ్యాయి అనుకుంటాడు. పెద్ద జట్లలో మనసు సంగతి చూడడానికి ప్రత్యేకంగా మనుషులుంటారు. 2011 ప్రపంచ కప్పు గెలిచిన మన క్రికెట్ జట్టుతో ప్యాడీ అప్టన్ అనే దక్షిణాఫ్రికా వ్యక్తి ఉన్నాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చిన హాకీ జట్టుకూ ఆయనే తోడు. ఆ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో, బ్రిటన్ మీద, మన ఆటగాడు ఒకడిని పదిహేడో నిమిషంలో బయటికి పంపేశారు. మిగిలిన ఆటంతా పదిమందితోనే నెట్టుకొచ్చి, చివర షూటౌట్‌లో నాలుగు రెండుతో గెలిచారు. అటువంటప్పుడు ఒకరి మొగం ఒకరు చూసుకుని బెదిరిపోకుండా నిలబడడం కూడా నేర్చుకుంటే వచ్చే విద్యే.

కల్లెడ పిల్ల, ఇరవై క్షణాలు

జకార్తా, పారిస్ మనకు దూరమనుకునేవారికి కల్లెడ ఉంది. పక్కన వరంగల్లు జిల్లా, పర్వతగిరి మండలం. అక్కడి వర్ధినేని ప్రణీత ఊరి బడిలో విల్లు పట్టి, పదిహేడేళ్ల వయసులో, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు పోయింది. డోలా బెనర్జీ, బొంబాయలా దేవిలతో కలిసి మన మహిళల విలువిద్య జట్టులో నిలబడింది. పారిస్‌లో 2024లో దివ్యాంగుల ఒలింపిక్స్ పరుగులో కంచు పతకం తెచ్చిన జీవంజి దీప్తి కూడా ఆ ఊరి పిల్లే. ఒక్క ఊరికి ఇంత భాగ్యం!

విలువిద్య జట్టు పోటీ ఎలా ఉంటుందో చూడండి. గురి డెబ్బై మీటర్ల దూరంలో ఉంటుంది. పది మార్కులు వచ్చే నడిమి వృత్తం అడ్డకొలత పన్నెండు సెంటీమీటర్లు మాత్రమే. ముగ్గురూ కలిసి రెండు నిమిషాల్లో ఆరు బాణాలు వేయాలి. గీత దగ్గరికి ఒక్కొక్కరే పోవాలి. లెక్క కడితే బాణానికి ఇరవై క్షణాలు. ముందు వేసిన అమ్మాయి బాణం పక్కకు పోయిందనుకోండి, దాని గురించి బాధపడడానికి సమయమే లేదు.

అందుకే విలుకాండ్రు ప్రతి బాణానికీ ఒకే వరస పాటిస్తారు. కాలు పెట్టే తీరు, నారి లాగే తీరు, చెయ్యి గడ్డం కింద ఆనించే చోటు, ఊపిరి, వదలడం. ఊళ్లో మైదానంలో వేసినా అదే వరస, ఒలింపిక్స్‌లో వేసినా అదే. వరస మీద మనసు పెట్టినవాడికి జనం మీదికి మనసు పోదు. బీజింగ్‌లో మనవారు నేరుగా క్వార్టర్ ఫైనల్‌లో చైనా జట్టును వారి దేశంలోనే ఎదుర్కొన్నారు. ఇరవై నాలుగు బాణాలకు 240 మార్కులు. చైనాకు 211, మనకు 206. ఆ చైనా జట్టే చివరకు వెండి పతకం తీసుకుంది. ఓడిపోయారు, నిజమే. కాని ఇరవై నాలుగు బాణాల మీద తేడా అయిదు మార్కులే. ఆ ముగ్గురిలో ఒకరు మన పక్క ఊరి పిల్ల. ఆమెకు గుండె లేదని ఎవరంటారు?

పుస్తకం చదివిన నాయకురాలు

అందరికీ ఒకే మందు పనికిరాదు. 2017 ప్రపంచ కప్పులో, జూన్ 24న డెర్బీలో ఇంగ్లండు మీద మ్యాచి. హైదరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ కాళ్లకు ప్యాడ్లు కట్టుకుని, తన వంతు వచ్చేదాకా కూర్చుని పుస్తకం చదివింది. రూమీ కవితలట. ఆ ఫొటో దేశమంతా చూసింది. లేచి పోయి 71 పరుగులు చేసింది. పుస్తకం చదివితే మనసు నెమ్మదిస్తుందని చెప్పింది. పక్కవారు పాటలు వింటారు, జోకులేసుకుంటారు, కొందరు గోడకేసి చూస్తూ కూర్చుంటారు. ఎవరి తీరు వారిది. మన ఊళ్లలో డ్రిల్లు మాస్టర్లు కొందరు అందరినీ వరసగా నిలబెట్టి గట్టిగా అరిపిస్తారు. అరుపు కొందరికి సత్తువ ఇస్తుంది, కొందరిని చెదరగొడుతుంది. ఏ పిల్లవాడికి ఏది సరిపడుతుందో కనిపెట్టడమే మాస్టరు పని.

ఆ ప్రపంచ కప్పు కథ అంతా తీపి కాదు. లార్డ్స్ మైదానంలో ఫైనల్. 229 పరుగులు కావాలి. మూడు వికెట్లకు 191. గెలుపు చేతికి అందినట్టే. అక్కడి నుంచి 28 పరుగుల్లో ఏడు వికెట్లు పడి, 219 దగ్గర ఆట ముగిసింది. తొమ్మిది పరుగులతో కప్పు పోయింది. ఒత్తిడికి తట్టుకోలేకపోయామని మిథాలీ దాచకుండా చెప్పింది.

ఎనిమిదేళ్ల తర్వాత, 2025 నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికా మీద గెలిచి మన అమ్మాయిలు ఆ కప్పు తెచ్చారు. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆ జట్టులో ఉంది. అంతకు మూడు రోజుల ముందు సెమీఫైనల్‌లో ఆస్ట్రేలియా మీద 127 పరుగులు చేసి నాటౌటుగా నిలిచిన జెమీమా రోడ్రిగ్స్ పత్రికలవారి ముందు కూర్చుని ఏం చెప్పిందో తెలుసా? ఆ టోర్నమెంటు పొడుగునా తనకు మనసులో ఆందోళనగా ఉందనీ, అమ్మకు ఫోను చేసి ఏడ్చేదాన్ననీ, హైదరాబాదు అమ్మాయి అరుంధతి రెడ్డి దగ్గర దాదాపు రోజూ ఏడ్చాననీ చెప్పింది. ఏడిస్తే వినే తోడు జట్టులో ఉంది. ఆమెకు సిగ్గనిపించలేదు. రహీం సాబ్ జకార్తాలో చేసిన పనినే ఇక్కడ తోటి ఆటగత్తె చేసింది.

మన బరి దగ్గర

ఇక మన సంగతి. కబడ్డీలో కూత అంటేనే ఊపిరి మీద పట్టు. ముప్పై క్షణాల్లో పోయి రావాలి. ఊపిరి నెమ్మదిగా, పొడుగ్గా వదిలితే గుండె వేగం తగ్గుతుందని వైద్యులు చెబుతారు. బరిలోకి దిగే ముందు పిల్లలు ఒక పక్కన కూర్చుని, నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఎనిమిది లెక్కపెడుతూ వదిలితే అయిదు నిమిషాల్లో తేడా తెలుస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు. ముందుగా పోయి బరిని నాలుగు మూలలా నడిచి చూడాలి. మొదటి కూతకు ఎవరు, ఎడమ మూల ఎవరు, చెయ్యి పట్టేది ఎవరు, నడుము పట్టేది ఎవరు అని ముందటి సాయంత్రమే తేల్చుకోవాలి. రాత్రి ఏడుగురూ ఒక్కచోట పడుకోవాలి. నిద్ర పట్టకపోయినా ఫరవాలేదు, ఒక్క రాత్రి నిద్ర చెడినంత మాత్రాన కాళ్ల సత్తువ పోదు. పక్కవాడికి కూడా నిద్ర పట్టలేదని తెలిస్తే చాలు.

పెద్దలతో కూడా ఒక మాట. పోటీకి ముందు రాత్రి చావడి దగ్గరకు పిల్లలను పిలిపించి ఊరి పరువు మీ చేతుల్లో ఉంది, కిందటేడు ఆ ఊరోళ్లు మనల్ని ఎంత మాటన్నారో గుర్తు పెట్టుకోండి, నేను మీ మీద ఇంత పందెం కాసిన అని చెప్పే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. ప్రేమతోనే చెబుతారు. కాని పదహారేళ్ల పిల్లవాడి నెత్తిన రాత్రి పూట అంత మూట పెడితే వాడు ఎట్లా పడుకుంటాడు? రహీం సాబ్ కూడా బంగారం అడిగారు గదా అని ఎవరైనా అనవచ్చు. అడిగారు. ముందు వారితో నడిచి, తర్వాత అడిగారు. కానుక అడిగారు గాని బాకీ అడగలేదు. ఓడి వస్తే మొగం చూడనని అనలేదు.

నిజానికి ఆయన ఘోరంగా ఓడిన రోజు కూడా ఉంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవారు యుగోస్లావియా చేతిలో పది ఒకటితో ఓడారు. ఆ చలి దేశంలో మన ఆటగాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఎంత ధైర్యం ఉంటే మాత్రం ఏం లాభం? ఆ తర్వాతనే మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం వచ్చింది.

మన పిల్లల సంగతి ఇప్పుడు హెల్సింకి తీరుగానే ఉంది. ఊళ్లో మట్టి మీద వట్టి కాళ్లతో ఆడతారు. రాష్ట్రస్థాయి పోటీకి పోతే మ్యాట్ పరిచి ఉంటుంది, కాళ్లకు బూట్లు వేసుకోమంటారు. మ్యాట్ మీద కాలు మట్టిలో జారినట్టు జారదు. తిరగబోతే మోకాలు పట్టేస్తుంది. మొదటి కూతలోనే తడబడతారు. ఇంటికి వచ్చాక గుండె లేదన్న మాట పడతారు. మూడు జిల్లా కేంద్రాల్లోనూ పల్లె జట్లకు పోటీకి పది రోజుల ముందయినా మ్యాట్ మీద ఆడుకునే వీలు కల్పించాలని వ్యాయామోపాధ్యాయులు, తల్లిదండ్రులు అడగవలసి ఉంది. ఒక జత బూట్లు ఇంటి దగ్గరనే తొడిగి, నెల రోజులు మట్టిలోనే అయినా ఆడిస్తే మరీ మంచిది. కొత్త బూట్లు మొదటి వారం కాలు కొరుకుతాయి. ఆ కొరుకుడు పోటీ రోజున ఉండకూడదు.